ఢాకాను ఓడించిన గౌలిపుర పొయ్యి

పెళ్ళిళ్ళలో నా పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళకు నేను గాలి కాలుష్యం కొలిచే ల్యాబులో పనిచేసి రిటైరయ్యానని తెలిస్తే చాలు, ఒకటే ప్రశ్న. "అయితే చెప్పండి, మనం ఎక్కువా, లాహోర్ ఎక్కువా?" లాహోర్ అని చెప్తే వాళ్ళ ముఖాల్లో ఎంత తృప్తో. క్రికెట్ మ్యాచ్ గెలిచినంత సంబరం. వాళ్ళ గాలి చెడిపోతే మన ఊపిరితిత్తులకు ఒరిగేదేమిటో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. అయినా ఆ ప్రశ్నను నేను చిన్నచూపు చూడను. ఉద్యోగంలో ఎక్కువ కాలం నేనూ దాని వెనకే తిరిగాను. తిరిగి తిరిగి, ఆ ప్రశ్నను ఇంకాస్త జాగ్రత్తగా అడగడం నేర్చుకున్నాను, అంతే.

ఈ మధ్య ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళు ఒకరిద్దరు ఇంటికొచ్చి, "మేడం, ఉద్యోగం గురించి మీకు తోచింది రాసివ్వండి" అన్నారు. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఫైళ్ళు ఏ బల్ల మీద నిద్రపోయాయో రాస్తే మీకూ ఆవులింతలే, నాకూ ఆవులింతలే. అందుకని చుట్టుపక్కల దేశాల ఊళ్ళ గాలిని మన గాలితో పోల్చబోయి, మన పాతబస్తీ గౌలిపురలో ఒక కోవా పొయ్యి దగ్గర తేలిన సంగతి రాస్తున్నాను. ఈ ఉద్యోగం ఎలా ఉంటుందో దాదాపు అంతా అందులోనే ఉంది.

మనం కొలిచేది

మనం కొలిచేది కంట్లో పడే దుమ్ము కాదు. ఆ దుమ్మును ముక్కులోనూ గొంతులోనూ శరీరమే చాలావరకు ఆపేస్తుంది. అసలు పేచీ అంతా పీఎం రెండున్నర అని మనం పిలుచుకునే సన్న కణాలతో. తల వెంట్రుక వాటి ముందు దూలం. కట్టె కాలినా, డీజిల్ కాలినా, చెత్తకుప్ప కాలినా పుట్టేవి ఇవే. లోపలికి పోతే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. వాసన రాకపోవచ్చు, దగ్గు రాకపోవచ్చు. అందుకే మనకు యంత్రాలు కావలసి వచ్చాయి.

నేను చేరిన రోజుల్లో ఎక్కువగా కాగితాలతోనే పని. గుండ్రటి తెల్లటి వడపోత కాగితాన్ని పట్టకారుతో పట్టుకుని తూచడం, డబ్బాలో పెట్టి ఏదో ఒక డాబా మీదికి మోసుకెళ్ళడం, రోజంతా దాని గుండా గాలిని లాగించి, తెచ్చి మళ్ళీ తూచడం. బరువు ఎంత పెరిగితే అంత నలుసు. చీర కుచ్చిళ్ళు దోపుకుని ఇనుప నిచ్చెనలు ఎక్కుతుంటే కింద జనం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. నాకు మాత్రం ఆ కాగితాల రంగులంటే ఎంతో ఇష్టం. వాన వెలిసిన మర్నాడు ఇంచుమించు తెలుపు. దీపావళి మర్నాడు కాటుక. నేను పుట్టి పెరిగిన హుస్సేనీ ఆలం నుంచి వచ్చిన కాగితం ఒక్కోసారి లేత చాయ్ రంగులో ఉండేది. ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడం కూడా ఈ ఉద్యోగంలో ఒక సుఖమే అనిపిస్తుంది.

నరహరి గారి శిక్ష

నాకు పని నేర్పింది నరహరి గారు. అప్పటికి ఆయన మా సెక్షన్ పెద్ద, తర్వాత ల్యాబు మొత్తానికీ పెద్ద అయ్యారు. కొత్తగా చేరినవాళ్ళను ఆయన ముందు ఒక రోజంతా యంత్రం పక్కన కూర్చోబెట్టేవారు. ఏమీ చేయకూడదు, కూర్చోవాలి. మేమంతా దాన్ని శిక్ష అనేవాళ్ళం.

"పుస్తకం తీసుకెళ్ళొచ్చా సార్?" అని అడిగాను నేను.

"తీసుకెళ్ళు. చదవలేవు," అన్నారు.

నన్ను ఉస్మాన్‌గంజ్‌లో ఒక గోదాం పైన కూర్చోబెట్టారు. కింద ఎండుమిర్చి బస్తాలు దింపుతున్నారు. కూలీలు దగ్గుతున్నారు, సేటు దగ్గుతున్నాడు, నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చచ్చేంత దగ్గుతున్నాను. యంత్రంలో అంకె ఎగిరి పడుతుందనుకుని చూస్తే, అది కదిలీ కదలనట్టుంది. బస్తాలు దించాక లారీ స్టార్ట్ చేశారు. ఎవరూ దగ్గలేదు. అంకె మాత్రం నిచ్చెన ఎక్కినట్టు ఎక్కిపోయింది. మిరప ఘాటు ముతక దుమ్ము, పైపైనే ఆగిపోతుంది. డీజిల్ పొగ సన్నది, అడగకుండా లోపలికి నడిచిపోతుంది. ఆ పూట తర్వాత పొగను కంటితో చూసి, ముక్కుతో వాసన పట్టి తీర్పు చెప్పడం మానేశాను. పుస్తకం సంచీలోంచి బయటికే రాలేదు.

నరహరి గారి మీద నాకున్న గౌరవం తగ్గకుండానే ఒక మాట చెప్పాలి. పెద్ద కుర్చీ ఎక్కాక ఆయనకు పట్టికలంటే మోజు పెరిగింది. ఎవరు మొదట, ఎవరు చివర అన్న పట్టిక ఉంటే తప్ప పైవాళ్ళు రిపోర్టు చదవరని ఆయన నమ్మకం. అది అబద్ధమూ కాదు. చదివించడం కోసం రాసిన దాన్ని జనం నమ్మేస్తారన్నదే ఇందులో ఉన్న చిక్కు.

ఒకే గాలి, వేరు వేరు మార్కులు

పొరుగు ఊళ్ళతో పోల్చే పని మా ల్యాబుకు వచ్చినప్పుడు నేను ఎగిరి గంతేశాను. ఢాకా, కాఠ్మాండు, కొలంబో, వీలైతే లాహోర్. పాస్‌పోర్టు కూడా లేనిదాన్ని, అన్ని ఊళ్ళ గాలీ నా బల్ల మీదికి వస్తుందంటే సంతోషం కాదా మరి.

మొదటి వారంలోనే తల పట్టుకున్నాం. ఫోన్లలో కనిపించే గాలి సూచీ అంకెలు తీసుకుని పోల్చేద్దామని మా కుర్రవాళ్ళు తయారయ్యారు. ఆ సూచీ దేశానికొక తీరుగా ఉంటుంది. ఒక బడిలో ముప్పై అయిదుకే పాస్, ఇంకో బడిలో యాభై వస్తేనే పాస్. ఇక్కడ ఫరవాలేదనిపించుకున్న గాలి వేరే దేశపు కొలతలో ఆరోగ్యానికి చేటు అనిపించుకుంటుంది. గాలి అదే, మార్కులు వేసేవాళ్ళు వేరు. కాబట్టి సూచీలను వదిలేసి, ఘనపు మీటరు గాలిలో నలుసు బరువు ఎంత అన్నదే చూడాలని తీర్మానించాం. మీరు ఎప్పుడైనా రెండు ఊళ్ళు పోల్చిన వార్త చూస్తే ముందు అడగవలసింది ఇదే. ఆ రెండు అంకెలూ ఒకే జాతివా, కాదా?

ఢాకాలో నాకు జోడీగా కుదిరినావిడ రెహానా. నా ఈడుదే, మాటలో పదును, నవ్వు దాచుకోవడం చేతకాదు. మేము ఫోన్లో సగం ఇంగ్లిష్, సగం హిందీ కలిపి మాట్లాడుకునేవాళ్ళం. మేము పంపిన చిన్న యంత్రాన్ని వాళ్ళ పెద్ద యంత్రం పక్కన పెట్టి చూస్తే, మాది చలికాలపు పొద్దునపూట వాళ్ళ దానికంటే చాలా ఎక్కువ చూపిస్తోంది.

"మీ యంత్రానికి మా ఊరంటే పడదు," అంది రెహానా.

"మీ పొగమంచంటే పడదు," అన్నాను.

నిజంగా పొగమంచే కారణం. చిన్న యంత్రం నలుసు మీద వెలుతురు వేసి లెక్కపెడుతుంది. తేమ ఎక్కువైతే నలుసు నీళ్ళు పట్టి ఉబ్బుతుంది, వానాకాలంలో మన తలుపులు ఉబ్బినట్టు. ఉబ్బిన నలుసును అది పెద్ద నలుసుగా లెక్కేస్తుంది. తడి ఆరబెట్టి తూచే పెద్ద యంత్రానికి ఆ గొడవ లేదు. అప్పటినుంచి పక్కపక్కన పెట్టి చూడని యంత్రాల అంకెలను మేమిద్దరం నమ్మలేదు. లాహోర్‌తో మాత్రం ఆ భాగ్యం కలగలేదు. యంత్రం అటు పోదు, మనిషి ఇటు రాడు. వాళ్ళు బయటపెట్టిన అంకెలు చూసి, వాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఊరుకున్నాం. చలికాలంలో గడ్డి తగలబెట్టిన పొగ, పొగమంచు కలిసి ఆ ఊరి మీద ఎలా కూర్చుంటాయో డాబా మీద నిలబడి చూడాలని నాకు ఎంత కోరికో చెప్పలేను. గిన్నెలాంటి లోయలో కాఠ్మాండు గాలి ఎటూ పోలేక తిరుగుతుంది. సముద్రం రోజూ కొలంబోను ఊడ్చిపోతుంది. ఊరికొక స్వభావం ఉంది. ఒకటి, రెండు, మూడు అని వరసలో నిలబెడితే ఆ స్వభావమంతా ఎగిరిపోతుంది.

గౌలిపుర పైకెక్కింది

వరసలో నిలబెట్టనే నిలబెట్టారు. నరహరి గారు రిపోర్టు చివర ఒక పట్టిక కావాలన్నారు. ప్రతి ఊళ్ళోనూ అన్నిటికంటే చెడ్డ గంటలు ఏవో తీసి, ఏ పేట గాలి ఎంత చెడ్డదో వరసగా పెట్టమన్నారు. పెట్టాం. చూస్తే గౌలిపురలో బడి డాబా మీద ఉన్న మా యంత్రం, సాయంత్రం వేళల్లో ఢాకాను దాటేసింది.

అది ఒక పత్రికకు ఎలా చేరిందో తెలియదు. పాతబస్తీ గాలి ఢాకా కంటే ఘోరం అని వేసి, గౌలిపురలో కట్టెల పొయ్యిల మీద కోవా కాచే ఇళ్ళున్నాయని ఒక వాక్యం తగిలించారు. ఆ వాక్యం మేం రాయలేదు. పొగ ఎవరికి కనిపిస్తే వాళ్ళే నేరస్థులు అయిపోయారు.

రెండు రోజులకు యంత్రం చూడడానికి నేను బడి డాబా మీద ఉండగా ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. బడి వెనక గల్లీలో ఉండే అంజమ్మ. బర్రెలు పెట్టుకుని పాల వ్యాపారం చేసే గౌళి కుటుంబం. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదిగా ఉంటుంది. గోడ పట్టుకుని కాసేపు దగ్గింది.

"మేడం, మా పొయ్యి ఢాకాను ఓడగొట్టిందంట గదా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి ఆపుకున్నాను. "ఎవరన్నరు అక్కా?"

"వార్డు ఆఫీసుల నుంచి వచ్చిండు ఒకాయన. పేపర్ సూపెట్టిండు. నెలాఖరు దాక టైమిచ్చిండు. అప్పటికి గీ మషీన్ల లెక్క దిగకపోతే పొయ్యి కూలగొడ్తడంట. గా ఢాకా ఏడుంటది మేడం? గాడ పొయ్యిలు లేవా?"

"మస్తున్నయి. ఇటుక బట్టీలు గూడ ఉన్నయి."

"మరి నా పొయ్యి మీదనే ఎందుకు వడ్డరు? పాలన్ని డైరీకి పోస్తే దాణాకు గూడ ఎల్లది. కోవ మీదనే ఇల్లు నడుస్తది. పొయ్యి పోతే బర్రెలను అమ్ముకునుడే. నా కోడలు రజితకు ఏం జెప్పాలె? పొయ్యి సూసే పిల్లనిచ్చిన్రు మాకు."

గ్యాస్ పొయ్యి మీద కాచుకోవచ్చు కదా అని అడిగాను. చదువుకున్న ప్రతివాళ్ళూ అడిగేదే. అంత పెద్ద కడాయికి గ్యాస్ పెడితే మిగిలేదేమీ ఉండదని ఆమె చెప్పింది. ఆమె వెళ్ళిపోయాక నేను యంత్రం పక్కన చాలాసేపు నిలబడ్డాను. ఏదో పొసగడం లేదు. అంజమ్మ పొయ్యి రోజూ వెలుగుతుంది. మా చెడ్డ గంటలు రోజూ రావడం లేదు.

ఆఫీసుకు పోయి అంకెలన్నిటినీ వారాలుగా విడదీసి గీత గీయించాను. సోమవారం నుంచి బుధవారం దాకా మామూలే. శుక్రవారం, శనివారం, ఆదివారం మామూలే. గురువారం సాయంత్రం ఒక్కటీ ముల్లులా పైకి లేచి ఉంది. పొయ్యికి వారాలతో పనిలేదు. మరి గురువారాలతో పని ఉన్నదెవరికి?

"గురువారం బాబా గుడి రష్ కదా," అన్నారు నరహరి గారు. "ట్రాఫిక్ అయ్యుంటుంది."

ట్రాఫిక్ అయితే కొండలా నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది. ఇది ఉన్నట్టుండి లేచి, ఉన్నట్టుండి పడిపోతోంది. పైగా పొద్దుగూకగానే వినిపించే మగ్రిబ్ అజాన్ వేళకే లేస్తోంది. నాకు ఆ వారమంతా వేరే ధ్యాస లేదు.

జుమేరాత్

గురువారం మధ్యాహ్నమే డాబా మీద చాప వేసుకుని కూర్చున్నాను. గాలిపటాలు, పావురాలు, ఎవరింట్లోనో కుక్కర్ కూత. అంకె బుద్ధిమంతురాలిలా కూర్చుని ఉంది. మగ్రిబ్ అజాన్ అయిన కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు. వచ్చింది మహమూద్ భాయ్, బడి కాపలాదారు. నెత్తిన తెల్ల టోపీ, చేతిలో చిన్న ధూపపు పాత్ర. అందులో నిప్పుల మీద లోబాన్ పొగ దట్టంగా లేస్తోంది. పాతబస్తీలో గురువారం సాయంత్రం దుకాణం దుకాణానికీ వేసే సాంబ్రాణి లాంటి పొగే అది. ఆయన నన్ను చూసి సలాం చేసి, పెదవులు కదుపుతూ యంత్రం చుట్టూ తిరిగాడు. గాలి పీల్చుకునే గొట్టం దగ్గర పాత్రను కాస్త ఎక్కువసేపు పట్టుకున్నాడు. నేను నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాను.

"ఏం చేస్తున్నరు మహమూద్ భాయ్?"

"లోబాన్ దేతుం మేడం. జుమేరాత్ గదా."

"మషీనుకా?"

"గింత ఖీమతీ మషీను. గల్లీల అందరి కండ్లు దీని మీదనే. నజర్ నక్కో లగ్‌నా బోల్‌కే, దిష్టి తగలొద్దని. నేను లోబాన్ వెట్టవట్టినంక ఒక్కపారన్న ఖరాబైందా? మీరే చెప్పుండ్రి."

నిజమే. ఊరంతా ఉన్న మా యంత్రాలన్నిటిలో ఒక్కసారి కూడా రిపేరుకు రానిది అదొక్కటే. తెర వైపు చూస్తే అంకె ఢాకాను దాటి, లాహోర్‌ను దాటి, ఇంకా ఎక్కడికో పోతోంది. నాకు నవ్వు ఆగలేదు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఆయన కూడా ఎందుకో తెలియకుండానే కొంచెం నవ్వాడు.

తర్వాత తెర చూపించి విషయం చెప్పాను. ఆయన పాత్రను దూరంగా గోడ మీద పెట్టేశాడు.

"గిది గాలి పీలుస్తదా? బారిష్‌ది, వాన కొల్చేది అనుకుంటిని. పెట్టనొచ్చినోళ్ళు గట్లనే అన్నరు."

"గాలి పీలుస్తది. గాలిల పొగ ఎంతున్నదో జూస్తది."

"మరి అంజమ్మ పొయ్యి లొల్లి..."

"ఇదే."

ఆయన పిట్టగోడ మీద కూలబడ్డాడు. "యా అల్లా. రోజు నాకు చాయ్ పంపిస్తది మేడం ఆమె."

మహమూద్ భాయ్‌ని నేను ఒక్క మాట అనలేదు. ఎవరైనా అనబోతే అననివ్వలేదు. యంత్రం పెట్టినవాళ్ళం మేము. అది ఏం చేస్తుందో ఆయనకు చెప్పకపోయింది కూడా మేమే. తన చేతిలో ఉన్న రక్షణేదో ఆయన దానికి ఇచ్చాడు. మీరు ఎక్కడ యంత్రం పెట్టినా, పైఅధికారికి చూపించక ముందే అక్కడి కాపలాదారుకు చూపించండి. కోప్పడితే రేపు ఇంకేదైనా చేసినప్పుడు మీకు చెప్పడు.

ఆ సాయంత్రమే రెహానాకు ఫోన్ చేశాను. పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"సరళా, మా డాబా మీద సాయంత్రాలు ఎవరుంటారో నాకూ తెలియదు. రేపు నేనూ ఎక్కి కూర్చుంటాను."

మర్నాడు ఫోటో పంపింది. వాళ్ళ యంత్రం నీడలో గార్డు కుర్చీ, కుర్చీ కింద దోమల కాయిల్, దాని పొగ గొట్టంలోకే పోతోంది. రెండు దేశాలను పోలుస్తున్నామనుకుని మేము ఒక చోట లోబాన్‌నూ, ఇంకో చోట కాయిల్‌నూ పోల్చుకుంటూ కూర్చున్నామన్న మాట. అందులో సిగ్గుపడాల్సినంత ఉంది. ఒప్పుకోవద్దూ, అంతే సరదా కూడా ఉంది. ఏ ఊరి మీది యంత్రమైనా ఆ ఊరి మనుషుల మధ్యే కూర్చుంటుంది.

నరహరి గారు సరదా పడలేదు.

"పట్టిక బయటికి వెళ్ళిపోయింది సరళా. ఇప్పుడు సాంబ్రాణి పొగ అంటే నవ్వుతారు."

"నవ్వనివ్వండి సార్. అక్కడ ఒకావిడ పొయ్యి కూలుతుంది."

"గురువారాలు తీసేస్తే గౌలిపుర గాలి బాగుంటుందా?"

"బాగుండదు. మామూలుగా చెడ్డగా ఉంటుంది. ఢాకాను దాటదు."

ఆయన పట్టిక కాగితాన్ని పక్కకు జరిపారు. "నువ్వు డాబా పైన కూర్చున్నావా?"

"కూర్చున్నాను సార్."

"యంత్రం పెట్టించిన రోజే ఎవరినో ఒకరిని నేను కూర్చోబెట్టి ఉండాల్సింది," అన్నారు. ఆ తర్వాత సవరణ తానే రాశారు. ఎక్కడా ఎవరి పేరూ పెట్టకుండా, తప్పు ల్యాబుదేనని రాశారు. పట్టికను రిపోర్టులోంచి తీసేశారు. వార్డు ఆఫీసుకు ఒక ప్రతి పంపి, తానే ఫోన్ చేసి మాట్లాడారు. పొయ్యి జోలికి రామని వాళ్ళు చెప్పారు. పెద్దవాళ్ళలో నేను చూసిన మంచి పనుల్లో దాన్ని మొదట చెప్తాను. పత్రిక కూడా సవరణ వేసింది, లోపలి పేజీలో, వేలెడంత.

అంజమ్మ వాకిలి

ఆ కబురు నేనే చెప్పాలని మర్నాడు అంజమ్మ ఇంటికి పోయాను. సంచీలో చేతిలో పట్టుకునే చిన్న యంత్రం ఉంది. ఎక్కడికి పోయినా వెంట తీసుకుపోవడం అలవాటు.

వాకిట్లో అడుగుపెట్టగానే కళ్ళు మండిపోయాయి. పొయ్యి ఉన్నది ఆకాశం కనిపించే వాకిలేనని బడి డాబా మీదినుంచి చూసి నాకు తెలుసు. ఇప్పుడు ఆకాశం లేదు. గోడ నుంచి గోడకు నీలం ప్లాస్టిక్ పరదా కట్టేసి ఉంది. అంచులు కిందికి లాగి తాళ్ళతో బిగించి ఉన్నాయి. లోపలంతా పొగ. ఆ పొగలో రజిత కొంగు ముక్కుకు చుట్టుకుని, పెద్ద కడాయిలో పాలు అడుగంటకుండా గంటెతో తిప్పుతోంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"పరదా ఎందుకు కట్టినవు అక్కా?" అన్నాను.

"పొగ మీ మషీన్ల వడొద్దని," అంది అంజమ్మ. "వార్డాయన వచ్చిన్నాడే కట్టినం. జరంత గూడ బయటికి పోకుండ అంచులు గట్టిగ గుంజినం. లెక్క దిగిందా మేడం?"

  మా తప్పు అంకె ఊళ్ళో గాలిని ఒక్క పిసరు కూడా మార్చలేదు. ఈ ఇద్దరినీ మాత్రం పొగలో పెట్టి మూత వేసింది. సంచీలోంచి యంత్రం తీశాను. తెర మీద వచ్చిన అంకె, మేం కొలిచిన ఏ ఊళ్ళోనూ, ఏ చెడ్డ గంటలోనూ నేను చూడలేదు.

ముందు మంచి కబురు చెప్పాను. పొయ్యి ఎవరూ కూల్చరని, తప్పు మాదని, లోబాన్ సంగతి. అంజమ్మ మహమూద్ భాయ్ పేరు విని నవ్వబోయింది, దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక నా చేతిలోని తెర వైపు చూసింది.

"గిది గూడ గసొంటి మషీనేనా? మా వాకిలి ఏడున్నది మేడం? లాహోర్ కంటె కిందనే గదా?"

చెప్పకుండా వచ్చేయవచ్చు. ఆ మాట ఇంకెవరి చెవినైనా పడితే పొయ్యి మీదికి మళ్ళీ ఎవరో ఒకరు వస్తారు. చెప్పకపోతే ఆ కడాయి పక్కన నిలబడేది వీళ్ళే. కొలిచిన అంకె అది ఎవరి ఊపిరో వాళ్ళదే అనిపించింది.

"కింద కాదక్కా. అన్ని ఊళ్ళ కంటె పైన ఉన్నది."

 అంజమ్మ కోడలి వైపు చూసింది.

"అంటే ఊరికి నా పొయ్యితోని ఫికర్ లేదు. మాకే ఉన్నది," అంది. అని కడాయి దగ్గరికి పోయింది. "రజితా, గంటె ఇటియ్యి. నువ్వు పోయి గల్లీల కూసో."

"నీకు దగ్గున్నది గదా అత్తా."

"ఇయ్యిమన్న గదా."

రజిత గంటె ఇచ్చి బయటికి పోయింది. అంజమ్మ తిప్పడం మొదలుపెట్టింది. "నువ్వు గూడ ఇవతలికి రా అక్కా," అన్నాను. "పాలు మాడుతయి మేడం," అంది.

నేను చెప్పులు విడిచి, గోడ పక్కనున్న బండ మీదికెక్కి పరదా తాడు ముడి విప్పడం మొదలుపెట్టాను. గట్టిగా బిగించి కట్టారు, వేళ్ళు నొప్పి పుట్టాయి. ఒక మూల ఊడి పరదా వాలగానే వెలుతురు పడింది. పొగ ఒక్కసారిగా కదిలి, గోడ దాటి, నేరుగా బడి డాబా వైపు లేచింది. చేతిలో అంకె దిగడం మొదలుపెట్టింది. అంజమ్మ గంటె వదిలేసి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆగుండ్రి మేడం, ఆగుండ్రి. మీ మషీన్ల వడ్తది."

"పడనియ్యి అక్కా. దాన్ని ఆడ వెట్టింది గందుకే."

 ఆమె కొంగు నడుముకు దోపుకుని, రెండో మూల ముడి తనే విప్పింది.